ముడి లేని కుట్టు

ఆ ఏడు మా ఇబ్రహీంపట్నంలో కుక్కలు కూడా తెల్ల కార్లను చూసి మొరగడం మానేశాయి. రెండు వేల ఏడు వానాకాలం అది. రింగు రోడ్డు వస్తుందట, కంపెనీలు వస్తాయట, ఫలానా వాళ్ల చెలక కోట్లు పలికిందట... పొద్దున లేస్తే ఇవే ముచ్చట్లు. ఆముదాలు పండే చెలకల్లో రంగు రాళ్లు పాతారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవడు కారు దిగినా ప్లాటు కొనడానికే వచ్చాడనుకుని, మంచం వాల్చి మంచినీళ్లిచ్చేవాళ్లం. మంచోడెవడో దొంగెవడో పోల్చుకునే తెలివి ఊరు ఊరంతటికీ పోయింది. అందుకే ఫణి వచ్చినప్పుడు ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా ఇల్లు యాచారం పోయే దారిలో ఉంటుంది. ఎడ్లను అమ్మేశాక కొట్టం ఖాళీగా పడి ఉంటే మరియక్కకు కిరాయికిచ్చాం. మరియక్క ఈ ఊరి మనిషే. ఆడవాళ్లను కూడేసి పాత చీరలతో బొంతలూ సంచులూ కుట్టించేది. అవి సిటీలో అమ్ముడుపోయేవి, ఓడలెక్కి బయటి దేశాలకూ పోయేవి. కుట్టిన చేతికి తగిన కూలి పోగా, మిగిలిన లాభమంతా మా వెనక గల్లీలో ఉన్న పిల్లల ఇంటికి. ఇటుక బట్టీల నుంచి, గాజుల కార్ఖానాల నుంచి, నోటితో చెప్పుకోలేని చోట్ల నుంచి విడిపించి తెచ్చిన ఆడపిల్లలు అక్కడ ఉండేవాళ్లు. మేం కుట్టే బొంతే వాళ్ల బువ్వ, వాళ్ల బడి, వాళ్ల మందులు.

మరియక్క దగ్గర రెండు కట్టుబాట్లు. అమ్మకానికి పోయే సరుకు మీద పిల్లల చెయ్యి పడకూడదు. కొట్టం తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి, కొనేవాళ్లు ఎవరొచ్చినా లోపలికి పిలిచి చూపించాలి. "మనం దాసేదేం లేదు, దొంగలు దాసుకుంటరు" అనేది. ఈ ముక్క మాకు నోటికి వచ్చేసింది.

దేవ్లీ ఉగాది తర్వాత వచ్చింది. నల్గొండ దిక్కు తండా పిల్ల. పదమూడేళ్లుంటాయేమో. తల్లీ తండ్రీ లేరు. చదువు చెప్పిస్తామని తీసుకుపోయి, సిటీలో పెళ్లి జాకెట్ల మీద జరీ కుట్టించే మగ్గం కార్ఖానాలో పడేశారు. కిటికీల్లేని గది. విడిపించి తెచ్చిన రోజున ఆ పిల్ల ఎండకు కళ్లు తెరవలేకపోయింది. మనిషితో మాటే లేదు. బడి నుంచి రాగానే మా కొట్టం గడప మీద కూర్చుని మా సూదుల వంక చూసేది, అంతే.

మా అత్త పోశమ్మకు అది నచ్చేది కాదు. అత్త సంగతి చెప్పాలంటే, రాయికి కూడా మర్యాద నేర్పే రకం. ఆమె పుట్టింటి రివాజు ఒకటుంది. బొంత కుడుతున్న చోటికి వచ్చిన మనిషి ఒట్టి చేతులతో తిరిగి పోకూడదు, ఒక్క పోగైనా వేసి పోవాలి. వెయ్యకపోతే ఆ బొంత కప్పుకున్నవాళ్లకు నిద్ర పట్టదట. పాలోడు వచ్చినా, కరెంటు బిల్లు ఇచ్చే అతను వచ్చినా చేతిలో సూది పెట్టేది.

బోనాల ముందు ఒక రోజు మరియక్క సిటీకి పోయింది. అత్త దేవ్లీని పిలిచింది.

"ఏమే పిల్లా, దినాం వస్తవ్, ఒట్టిగనే పోతవ్. ఇటు రా. ఒక్క పోగెయ్యి."

"పిల్లలు ముట్టొద్దన్నది గద మరియక్క," అంది పక్కన కుడుతున్న లక్ష్మమ్మ.

"ఒక్క పోగుకు ఏమైతదే? మా అమ్మనాటి రివాజు, నువ్వొచ్చి మాన్పిస్తవా? రా బిడ్డా."

దేవ్లీ సూది అందుకుంది. ఒక్క పోగు ఎక్కడ, ఆ పిల్ల ఎక్కడ! బొంత మూల మీదికి వంగిందంటే మళ్లీ తల ఎత్తలేదు. మేం నోళ్లు తెరుచుకుని చూస్తూనే ఉన్నాం. పొద్దు వాలేసరికి ఆ మూలలో జొన్నకంకి ఒకటి లేచి నిలబడింది. గింజ గింజా వేలితో తడమొచ్చు. అత్త బొంత తిరగేసింది. ముందువైపు ఎంత నున్నగా ఉందో వెనకవైపూ అంతే నున్నగా ఉంది. ఎంత వెతికినా ముడి దొరకలేదు. దారం తోకను పోగుల కిందికి జొనిపి ఎక్కడ దాచిందో అంతు చిక్కలేదు.

"ముడి ఏదే?" అంది అత్త.

"ముడి ఎయ్యొద్దు. ఎస్తే కొడతరు."

ఆ పిల్ల మాతో అన్న మొదటి మాట అదే.  మర్నాడు మరియక్క వచ్చేసరికి ఆ బొంత మేళాకు పోయే మూటలో కలిసిపోయింది.

సిటీలో చేతిపనుల మేళా. మా దుకాణంలో నేనూ లక్ష్మమ్మా కూర్చున్నాం. బొంత కొనేవాళ్లు రంగు చూస్తారు, మెత్తగా ఉందా అని చెంపకు ఆనించుకుంటారు, ధర విని మొహం చిట్లిస్తారు. ఆ మనిషి అట్లా కాదు. బొంతను ముట్టుకోగానే తిరగేశాడు. జొన్నకంకి ఉన్న మూలను పట్టుకుని వెనకవైపు బొటనవేలితో మెల్లగా రాశాడు. నలభై ఏళ్లుంటాయి. నవ్వు మొహం.

"ఎవరు కుట్టారక్కా ఇది?"

"మేమే. ఇబ్రహీంపట్నంల మా కొట్టంలనే కుడతం. ఎవలన్న వచ్చి సూడొచ్చు."

"ఎవరైనా?"

"అవ్. మేం దాసేదేం లేదు."

ఆయన నవ్వాడు. ఎంత అని కూడా అడగకుండా నోట్లు తీసి ఇచ్చి, బొంతను చంకలో పెట్టుకుని పోయాడు. బేరమాడని గిరాకీ దొరికిందని లక్ష్మమ్మ ఒకటే మురిసిపోయింది. నాకు మాత్రం ఎందుకో ఆ బొంత అమ్మినట్టు అనిపించలేదు. మా చేతిలోంచి ఎవరో గుంజుకుపోయినట్టుంది.

వారం తిరక్కుండానే ఆ మనిషి తెల్ల కారులో మా వాకిట్లో దిగాడు. పేరు ఫణి అన్నాడు. బట్టల ఎగుమతి వ్యాపారమట. వచ్చీరాగానే మా అత్తకు దండం పెట్టాడు. మా ఆయన రామచంద్రయ్యకు ఇక చెప్పాలా! చేతులు పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

డాలరు పడిపోయిందని బయటి దేశాల ఆర్డర్లు సన్నగిల్లిన రోజులవి. పిల్లల ఇంట్లో పప్పు నీళ్లయింది, పాలు బందయ్యాయి. అటువంటప్పుడు ఫణి చల్లగా అన్నాడు: "ఈ జొన్నకంకి బొంతలు నాకు వంద కావాలి. దసరా కల్లా. ఒకటే షరతు. ఇది కుట్టిన చెయ్యే అన్నిటి మీదా కుట్టాలి."

మరియక్క మొహం వెలిగిపోయింది. మా వైపు తిరిగి, "ఎవరిదే ఈ పని?" అంది.

అందరం తలలు వంచి సూదులు చూసుకున్నాం. పిల్ల కుట్టిందంటే ఆర్డరు పోతుంది, మరియక్క పరువూ పోతుంది. అత్త గొంతు సవరించుకుంది.

"నాదే," అంది.

ఫణి వంగి ఆమె కళ్లలోకి చూశాడు. "మీ కళ్లకు పొర వచ్చినట్టుంది కదమ్మా."

"అత్త నేర్పింది, నేను కుట్టిన," అన్నాను. ఎందుకన్నానో, నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

ఆయన నా వేళ్ల వంక చూశాడు. "మంచి చెయ్యి అక్కా," అన్నాడు. అడ్వాన్సు మరియక్క చేతిలో పెట్టి, మా ఆయన భుజం తట్టి, కారెక్కాడు.

కారు పోయాక అత్త ఇంట్లోకి వెళ్లి, "భూలక్ష్మీ!" అని ఒక్క కేక పెట్టింది. పరుగెత్తాను. వడ్ల గుమ్మి వెనక, గోడకూ గుమ్మికీ మధ్య మనిషి పట్టని సందులో దేవ్లీ ఇరుక్కుని ఉంది. బడి నుంచి వస్తూ గల్లీలో ఆయన గొంతు విని ఇట్లా దూరిందట. లంగా తడిసిపోయింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇద్దరం పట్టి లాగినా రాదే! అత్త అక్కడే నేల మీద చతికిలపడి, సందులోకి చెయ్యి చాపి, ఆ పిల్ల పాదం పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి లోపలి నుంచి మాట వచ్చింది.

"ఆయనే. సేటు."

"ఎవలు బిడ్డా?"

"కార్ఖానా ఆయనదే. పోలీసోళ్లు ముసలి మేస్త్రిని పట్టుకపోయిన్రు. ఆయన్ని కాదు." అత్త చేతిలో పాదం వేళ్లు ముడుచుకున్నాయి. "చాందీ అని చిన్నది ఉండె. జరమొచ్చింది. దవాఖానకు తోల్కపొమ్మంటే తోల్కపోలే. సచ్చిపోయింది. సంచిల ఏస్కపోయిండు. నేను జూసిన."

అత్త రెండో చెయ్యి కూడా లోపలికి చాపింది.

"నేను జూసుడు ఆయన జూసిండు," అంది దేవ్లీ.

మరియక్కకు అంతా చెప్పేశాం, బొంత మూల సంగతితో సహా. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. తిన్నగా పోయి ఫోను అందుకుంది. సాయంత్రం మీర్‌పేట్ నుంచి తేజస్వి మేడమ్ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. విడిపించిన పిల్లల తరఫున కోర్టు పనులు ఆమే చూస్తుంది. కేసు కాగితాల్లో ఫణి పేరే లేదని ఆమె చెప్పింది. ఉన్నదల్లా జీతానికి పనిచేసిన ముసలి మేస్త్రి పేరు. అసలు యజమాని ఫలానా అని చెప్పగలిగింది, చాందీ ఏమైందో చెప్పగలిగింది దేవ్లీ ఒక్కతే. దసరా తర్వాత ఆ పిల్ల సాక్ష్యం.

"మరి పోలీసులకు చెప్దాం," అన్నాను.

"వెళ్లే వస్తున్నానండి. బొంతలు కొంటే నేరమా అని అడిగారు." తేజస్వి మేడమ్ మొహం వాడిపోయి ఉంది. "అమ్మాయి ఇక్కడ ఉందని అతనికి అనుమానం మాత్రమే. మీరు ఇప్పుడు ఆర్డరు వద్దన్నారనుకోండి, అనుమానం కాస్తా రూఢి అవుతుంది. దసరా వరకు ఏమీ ఎరగనట్టు ఉండాలండి."

ఇంక చూడండి మా బతుకు. పాముకు పాలు పోస్తున్నామని తెలుసు. అయినా వచ్చినప్పుడల్లా చాయ్ పెట్టి, చక్కెర సరిపోయిందా అని అడగాలి. వెతికితే మొదట పిల్లల ఇంట్లోనే వెతుకుతాడని దేవ్లీని పగలంతా మా ఇంట్లోనే, లోపలి అర్రలో అత్త పక్కన ఉంచేవాళ్లం. బడి మాన్పించాం. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఆ మనిషి మంచివాడే, దేవుడి లాంటోడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. సొంత పెళ్లాం చీటీ పాడితే ఆ మాట బస్టాండు దాకా మోసే మనిషికి ఈ రహస్యం ఎట్లా చెప్పను? పిల్లకు ఒంట్లో బాగుండక అత్త దగ్గర ఉంటోందన్నాం. నమ్మాడు.

మధ్యాహ్నాలు అర్ర తలుపు దగ్గరగా వేసి దేవ్లీ నాకు జొన్నకంకి నేర్పింది. నా వేళ్లు కలుపు తీసిన వేళ్లు, ఆ పని సొగసు వాటికెట్లా వస్తుంది? ముందువైపు ఎట్లాగో కుదిరింది. వెనకవైపు దారం తోక దాచడం దగ్గర చెయ్యి తడబడేది. "గట్ల గాదు పెద్దమ్మా, గిట్ల," అని నా వేలు పట్టుకుని తిప్పేది. ఒకసారి దారం చిక్కుపడి నేను నన్ను నేనే తిట్టుకుంటే ఫక్కున నవ్వింది. వెంటనే నోరు మూసుకుని తలుపు వైపు చూసింది.

శ్రావణంలో ఒక పొద్దున ఫణి చెప్పాపెట్టకుండా వచ్చాడు. తిన్నగా కొట్టంలోకొచ్చి నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"కుట్టి చూపించక్కా. నీ చేతిపని కళ్లారా చూడాలనుంది."

లక్ష్మమ్మ సూది ఆగిపోయింది. నేను దారం ఎక్కించాను. మూడుసార్లు తప్పింది. ఆయన విసుక్కోలేదు. చాయ్ తాగుతూ అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. గింజలు పెట్టాను, ఆకు పెట్టాను. చెమట కళ్లలోకి కారుతోంది. అయిపోయాక బొంత అందుకుని తిరగేశాడు. బొటనవేలితో రాశాడు. వేలు ఒకచోట ఆగింది.

"బాగుంది," అన్నాడు. "ఒక ముడి ఉంది."

"ఎన్నడన్న పడతది."

"పడుతుంది పడుతుంది." బొంతను మడత పెట్టి నా ఒళ్లో పెట్టాడు. "తొందరేం లేదక్కా. నేను వస్తూనే ఉంటా."

అన్నట్టే వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా మా ఆయనను కారులో ఎక్కించుకుని చెలకలు చూద్దామని యాచారం దాకా, మహేశ్వరం దాకా తిప్పేవాడు. మా ఆయన ఎప్పుడూ ముందు సీట్లో కూర్చున్నవాడు కాదు. దిగి వచ్చాక ఆ చల్లగాలి గురించీ, ఫణి మంచితనం గురించీ ఒకటే పాట. "ఎంత పెద్దమనిషే! మన చెలక సంగతి, మన ఎడ్ల సంగతి, అన్నీ అడిగి తెలుసుకుంటడు. సొంత అన్న లెక్క." 

వినాయకుల్ని నీళ్లలో వేసిన మర్నాడు. నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. కారు ఆగింది, ఇద్దరూ దిగారు. మా ఆయన ఏదో చెప్తూ నవ్వుతున్నాడు. ఫణి గడప దగ్గరికి వచ్చి చెప్పులు విడవబోయి ఆగాడు. గడప పక్కన దేవ్లీ చెప్పులున్నాయి. గులాబీ రంగువి, చిన్నవి. స్నానానికి పోతూ విడిచి, తీయడం మరిచిపోయింది. నా చేతిలోని తడి చీర బరువెక్కింది.

"ఈ చెప్పులు ఎవరివన్నా?" అన్నాడు ఫణి, అదే నవ్వుతో.

మా ఆయన చెప్పుల్ని చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు. నేనేం సైగ చెయ్యలేదు, చెయ్యడానికి చేతులు రాలేదు.

"మా బిడ్డయి," అన్నాడు మా ఆయన.

"అదేంటన్నా? పిల్లల్లేరని మొన్ననే కదా కారులో కళ్లనీళ్లు పెట్టుకున్నావు?"

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను. కార్లో కూర్చుని ఈ మనిషి కడుపులోదంతా కక్కేశాడు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో నాతో కూడా ఎత్తని మాట, ఎవడో దారినపోయే సేటుకు చెప్పుకున్నాడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, ఎంత జాలి వేసిందో నాకే తెలియదు.

మా ఆయన వంగి ఆ చెప్పుల్ని చేతిలోకి తీసుకున్నాడు.

"మొన్న లేరు," అన్నాడు. "ఇయ్యాల ఉన్నది."

ఫణి నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది. మా ఆయన గడప మీద అడ్డంగా నిలబడ్డాడు. కుర్చీ వెయ్యలేదు, చాయ్ మాట ఎత్తలేదు. కాసేపటికి కారు వెళ్లిపోయింది.

"నీకెవలు జెప్పిన్రయ్యా?" అన్నాను.

"ఎవలు జెప్పాలె? నీ మొకం జూసిన." ఆయన ఆ చెప్పుల్ని లోపల తలుపు వెనక పెట్టాడు. "గింత జరుగుతుంటే నాకొక్క ముక్క జెప్పకపోతివి గదనే."

 లోపలికి పోయి అన్నీ చెప్పాను.  ఆ వారమే తేజస్వి మేడమ్ పిల్లల సంక్షేమ కమిటీ ముందు మాట్లాడి, కేసు తేలేదాకా దేవ్లీని మా ఇంట్లోనే ఉంచేట్టు కాగితాలు తెచ్చింది. ఇక దాచే పని లేకపోయింది. భయం మాత్రం రెట్టింపయింది. మా ఆయన మంచం ఎత్తి వాకిట్లో వేసుకున్నాడు, పక్కన గొడ్డలి. నవ్వొచ్చేది నాకు, ఏడుపూ వచ్చేది.

ఫణి కేకలు వేస్తాడనుకున్నాం, మనుషుల్ని తెస్తాడనుకున్నాం. ఏమీ లేదు. బతుకమ్మ మొదలైన రోజున ఒక్కడే వచ్చాడు. కారు దిగకుండా, అద్దం దించి, అరుగు మీదున్న నాకు ఒక పొట్లం అందించాడు.

"పండుగ కదా. మీ బిడ్డకు."

లోపల పసుపుపచ్చ పట్టు గౌను. విసిరి కొట్టేదాన్నే. కానీ ఎందుకో దేవ్లీని నిలబెట్టి, ఒంటికి తాకకుండా ఎదురుగా పట్టి చూశాను. భుజాలు, చేతులు, పొడుగు, అన్నీ దర్జీ కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. మా దగ్గరికి వచ్చాక ఆ పిల్ల బెత్తెడు పెరిగింది. ఆ పెరిగిన బెత్తెడు కూడా గౌనులో ఉంది. ఎక్కడి నుంచి చూస్తున్నాడు? ఎప్పటి నుంచి చూస్తున్నాడు?  అత్త ఆ గౌను లాక్కుని పొయ్యిలో పెట్టింది. ఆ కమురు వాసన ఇల్లంతా పట్టుకుని పండుగ దాకా పోలేదు.

ఆ సాయంత్రమే మరియక్కకు ఫోను చేశాడట. కేసు రోజున పిల్లకు జ్వరం వస్తే చాలు, వంద కాదు, మీరు ఎన్ని కుడితే అన్ని బొంతలు, ఎన్నేళ్లయినా కొంటానన్నాడట. ఆ మాట మాకు చెప్తూ మరియక్క కొట్టం మధ్యలో నిలబడింది. చుట్టూ గోడ ఎత్తు జొన్నకంకి బొంతలు. ఆయన ఇచ్చిన అడ్వాన్సు ఎప్పుడో పిల్లల బియ్యమైపోయింది.

"మీరేమంటరు?" అంది మరియక్క. "పదిమంది పిల్లలు పస్తులుండే రోజొస్తది. గది గూడ ఆలోచించుర్రి. నాకైతే ఏం తోస్తలేదు."

అడగడం కాదది. మోయలేక దించుకోవడం.   లక్ష్మమ్మ లేచి, బొంతల్ని నాలుగేసి చొప్పున మూట కట్టడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవే?" అంది అత్త.

"మీర్‌పేట్ కాలనీలల్ల తిరిగి అమ్ముత. సలికాలం రాబట్టె. కొననోళ్ల ఇంటి ముంగట కూసుంట." మూట ముడి పళ్లతో బిగించింది. "ఆని సొమ్ము తింటే పిల్లలకు అరుగుతదా?"

దసరా పోయేదాకా మేమంతా మూటలు నెత్తిన పెట్టుకుని కాలనీలన్నీ తిరిగాం. కుక్కలు తరిమాయి, వాచ్‌మన్లు తరిమారు. అయినా బొంతలు పోయాయి, ఒక్కొక్కటిగా.

సాక్ష్యం రోజున ఇంటిల్లిపాదీ, వెంట మరియక్కా, పొద్దున బస్సుకే సిటీకి బయల్దేరాం. దారంతా దేవ్లీ చెప్పాల్సిన మాటలు పెదాలతో అనుకుంటూనే ఉంది. కోర్టు వరండాలో బెంచీ మీద అత్త ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో ఆ పిల్ల. ఎదురు బెంచీలో ఫణి. కేసులో లేని మనిషి, ఎవరినో చూడవచ్చినట్టు కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. "బాగున్నావా రామచంద్రన్నా? చెలక ఏమైంది?" అని పలకరించాడు కూడా. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక తేజస్వి మేడమ్ లోపలి నుంచి వచ్చింది. ఆమె నడక చూసే నాకు అర్థమైంది.

"వాయిదా పడిందండి. జనవరికి."

"జనవరి?" అన్నాను.  ఒక్కో రోజూ పళ్ల బిగువున గడుపుకుంటూ ఈ రోజు దాకా ఈడ్చుకొచ్చాం. ఇంక మూడు నెలలా? ఈ మనిషి మళ్లీ మా వాకిట్లోకి, ఆ నవ్వుతో! అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఎదురుగా పేపరు తిప్పిన చప్పుడైంది.

తేజస్వి మేడమ్ గొంతు తగ్గించి చెప్పింది. "వరంగల్లు దగ్గర ఒక హోమ్ ఉంది. ఎక్కడుందో ఎవరికీ తెలియనివ్వరు. రేపే పంపేద్దామండి. అదే క్షేమం."

మా ఆయన తల వంచుకున్నాడు. కాదనడానికి మాకేం హక్కుంది? పిల్ల ప్రాణం కంటే ఎక్కువా మాకు పుట్టిన ఆశ?

"దూపయితుంది," అంది దేవ్లీ.

నీళ్ల కుండ ఫణి కూర్చున్న బెంచీ పక్కనే ఉంది. నేను తెస్తానని లేచేలోపే ఆ పిల్ల నడిచింది. వరండా అంత పొడుగ్గా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అత్త నా మణికట్టు పట్టుకుంది. దేవ్లీ ఆయన ముందు నుంచే పోయి, గ్లాసు ముంచుకుని, గోడ వైపు తిరక్కుండా, ఆయన వైపే తిరిగి తాగింది. గ్లాసు బోర్లించి, మళ్లీ ఆయన ముందు నుంచే నడిచి వచ్చి మా మధ్య కూర్చుంది. చేత్తో మూతి తుడుచుకుంది.

"వరంగల్లు పోతవా బిడ్డా?" అంది మరియక్క.

"పోను. ఈడ్నే ఉంట."

"భయం కాదానే?"

"మస్తయితుంది." ఎదురు బెంచీ వైపు చూసింది. ఫణి పేపరు పట్టుకునే ఉన్నాడు కానీ అందులో చూడటం లేదు. "నేను దగ్గరికి పోంగనే కాళ్లు దగ్గరికి గుంజుకున్నడు, జూసిన్రా? ఆయనకు గూడ భయమైతుంది."

లేచి, మా ఆయన వేలు పట్టుకుంది.

"జనవరి దాక కానియ్ ఆయనకు."